ఢిల్లీ లేఖ: హంసా మెహతా కోరిన సమాన వేతనం

2025 నవంబరు 21న కేంద్ర ప్రభుత్వం నాలుగు కార్మిక స్మృతులను అమలులోకి తెచ్చింది. వాటిలో ఒకటైన వేతనాల స్మృతి 1976 నాటి సమాన వేతన చట్టాన్ని తనలో కలుపుకున్నది. ఆ చట్టానికి విడిగా వున్న ఉనికి అంతటితో ముగిసింది. ఒకే పనికి, లేక ఒకే తరహా పనికి, ఇచ్చే వేతనంలో స్త్రీపురుష భేదం చూపరాదన్న నిబంధన మాత్రం కొత్త స్మృతిలో మూడవ సెక్షనుగా నిలిచింది. స్మృతుల మీద రాజధానిలో జరిగిన వాదోపవాదాలు ఎక్కువగా సమ్మె హక్కు చుట్టూ, ఉద్యోగ భద్రత చుట్టూ తిరిగాయి. ఈ చిన్న నిబంధన ఎక్కడినుంచి వచ్చింది, ఇంతదూరం రావడానికి ఎంతకాలం పట్టింది అనే విషయం మీద దృష్టి సారించినవారు తక్కువ.

ఈ మాటను మన జాతీయ రాజకీయాలలోకి తెచ్చినవారిలో హంసా మెహతా అగ్రగణ్యురాలు. 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి భారత మహిళల పక్షాన రాజ్యాంగ నిర్ణయ సభకు జాతీయ పతాకాన్ని సమర్పించిన వ్యక్తిగా ఆమె పాఠ్యపుస్తకాలలో కనిపిస్తారు. ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల ప్రకటనలో ఒక మాటను మార్పించిన మహిళగా కూడా ఆమె పేరు అప్పుడప్పుడు వినబడుతుంది. అయితే కూలి, జీతం, చదువు, ఆస్తి వంటి నిత్యజీవిత విషయాలలో ఆమె చేసిన కృషికి అంత ప్రాచుర్యం లభించలేదు. ఒక హక్కును రాతలో చేర్చడం ఒక ఎత్తు, దానిని సామాన్య స్త్రీ అడిగి తీసుకోగల మార్గం ఏర్పరచడం మరొక ఎత్తు. ఈ రెంటి మధ్య వున్న దూరం ఎంతటిదో ఆమె జీవితాన్ని పరిశీలిస్తే తెలుస్తుంది.

బరోడా నుంచి బొంబాయికి

హంసా మెహతా 1897 జూలై 3న గుజరాతీ నాగర బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. తాత నందశంకర్ మెహతా గుజరాతీలో మొదటి నవలగా పేరుపొందిన కరణ్ ఘేలో రచయిత. తండ్రి మనుభాయ్ మెహతా బరోడా సంస్థానానికి దివానుగా పనిచేశారు. ఆడపిల్లలకు సైతం ప్రాథమిక విద్యను నిర్బంధం చేసిన సయాజీరావు గైక్వాడ్ ఏలుబడి అది. ఆ వాతావరణంలో పెరిగిన హంస బరోడా కళాశాలలో తత్వశాస్త్రం ప్రధానాంశంగా 1918లో పట్టభద్రురాలయ్యారు. తరువాత పత్రికారచన, సామాజిక శాస్త్రం అభ్యసించడానికి ఇంగ్లండు వెళ్ళారు.

లండనులో ఆమెకు సరోజినీ నాయుడుతో సాన్నిహిత్యం ఏర్పడింది. 1920లో స్త్రీల వోటు హక్కు కోసం జెనీవాలో జరిగిన అంతర్జాతీయ మహాసభకు సరోజినితో కలిసి వెళ్ళారు. అప్పటికి రెండేళ్ళ క్రితమే బ్రిటన్‌లో ముప్ఫయి ఏళ్ళు నిండిన స్త్రీలలో కొందరికి వోటు లభించింది. అదే వయస్సు పురుషునికి వున్న హక్కు స్త్రీకి ఆస్తి ఉంటేనో, భర్తకు ఆస్తి ఉంటేనో గాని దక్కలేదు. స్వతంత్ర దేశాల స్త్రీల స్థితే ఇట్లా వుంటే పరతంత్ర దేశపు స్త్రీ ఎంతదూరం నడవాలో ఆ యువతికి ఆ సభలో బోధపడి వుండాలి.

1924లో ఆమె డాక్టర్ జీవరాజ్ మెహతాను వివాహమాడారు. ఆయన వైశ్య కులస్థుడు, పేదరికం నుంచి స్వయంకృషితో పైకి వచ్చిన వైద్యుడు. బ్రాహ్మణ కన్య తక్కువ వర్ణంగా భావింపబడేవానిని పెళ్ళాడటం కులపెద్దలకు ఆగ్రహం కలిగించింది. మహారాజు సయాజీరావు ఆ దంపతుల పక్షాన నిలిచారు. జీవరాజ్ మెహతా తరువాతి కాలంలో గాంధీజీకి వైద్యం చేసినవారిలో ఒకరుగా, 1960లో ఏర్పడిన గుజరాత్ రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రిగా ప్రసిద్ధులయ్యారు. ముఖ్యమంత్రి భార్య అన్న హోదా లభించడానికి ఎంతో ముందే హంసా మెహతా తన స్థానాన్ని తానే సంపాదించుకున్నారు.

1930లో శాసనోల్లంఘన ఉద్యమం చెలరేగినప్పుడు బొంబాయిలో దేశ సేవికా సంఘం తరఫున విదేశీ వస్త్రాల దుకాణాల ముందు, కల్లు సారా దుకాణాల ముందు పికెటింగు జరిపిన స్త్రీలకు ఆమె నాయకత్వం వహించారు. 1930లోను, 1932లోను జైలుశిక్ష అనుభవించారు. 1937లో బొంబాయి శాసనమండలికి పోటీ చేసినప్పుడు స్త్రీలకు కేటాయించిన స్థానాన్ని కాదని సాధారణ స్థానాన్నే ఎంచుకుని గెలిచారు. తరువాత కాంగ్రెసు మంత్రివర్గంలో విద్యా, ఆరోగ్య శాఖలకు పార్లమెంటరీ కార్యదర్శిగా పనిచేశారు.

ఆ బొంబాయి మిల్లుల నగరం. వేల సంఖ్యలో స్త్రీలు మిల్లులలో పనిచేసేవారు. వారిలో అత్యధికులు వైండింగు, రీలింగు శాఖలలోనే కనిపించేవారు. నేత శాఖ పురుషుల చేతిలో వుండేది. నూలు చుట్టే పనికి దక్కే కూలి నేతగాని కూలికి చాలా దిగువన వుండేది. ఒకే పనికి రెండు రేట్లు కట్టడం అన్యాయమని ఎవరికైనా కనిపిస్తుంది. ఒక పనిని ముందుగా ఆడవారి పనిగా ముద్రవేసి, ఆ తరువాత ఆ పనికే విలువ తగ్గించడం అంత తేలికగా కంటికి కనిపించదు. సమాన వేతన వివాదంలో అసలు చిక్కుముడి ఇదే. ఈనాటికీ అది పూర్తిగా విడలేదు.

హైదరాబాదు సభ, హక్కుల పత్రం

1945-46లో అఖిల భారత మహిళా సభకు హంసా మెహతా అధ్యక్షురాలయ్యారు. ఆ సంవత్సరపు మహాసభ మన హైదరాబాదులో జరిగింది. నిజాం రాజధానిలో సమావేశమైన ఆ ప్రతినిధుల ముందు ఆమె భారత మహిళల హక్కులు, బాధ్యతల పత్రాన్ని రూపొందించాలని ప్రతిపాదించారు. తరువాత సిద్ధమైన ఆ పత్రం వోటు హక్కుతో తృప్తిపడలేదు. సమానమైన పనికి సమాన వేతనం కావాలన్నది. ఆస్తిలో సమాన పంపకం కావాలన్నది. వివాహ శాసనాలు ఇరువురికీ సమానంగా వర్తించాలన్నది. హిందూ వివాహ, వారసత్వ శాసనాల కింద స్త్రీ పరిస్థితిని గురించి అప్పటికే పుస్తకం ప్రచురించిన హంసా మెహతాకు ఈ మూడూ విడివిడి కోరికలు కావు. ఆస్తి లేని స్త్రీకి కూలి బేరమాడే శక్తి వుండదు. కూలి చాలని స్త్రీకి చెడిన సంసారం నుంచి బయటపడే ధైర్యం వుండదు. స్వాతంత్ర్యానికి ముందే, హైదరాబాదు వేదిక మీద, ఈ ఆలోచనకు బీజం పడటం తెలుగువారు గుర్తుంచుకోదగిన సంగతి.

1946 డిసెంబరులో రాజ్యాంగ నిర్ణయ సభ ఢిల్లీలో సమావేశమైనది. బొంబాయి నుంచి ఎన్నికైన హంసా మెహతా ఆ సభలోని పదిహేనుమంది మహిళలలో ఒకరు. మద్రాసు రాష్ట్రం నుంచి వచ్చిన మన దుర్గాబాయి మరొకరు. లక్ష్యాల తీర్మానం మీద డిసెంబరు 19న మాట్లాడుతూ హంసా మెహతా మహిళలకు ప్రత్యేక స్థానాలు గాని, వాటాలు గాని, ప్రత్యేక నియోజకవర్గాలు గాని తాము కోరలేదని స్పష్టం చేశారు. తమకు కావలసింది సామాజిక, ఆర్థిక, రాజకీయ న్యాయమని సభకు తెలియజేశారు. ప్రత్యేక స్థానాల విషయంలో ఆనాటి మహిళా నాయకుల వైఖరి సరియైనదేనా అన్న చర్చ 2023లో నూట ఆరవ రాజ్యాంగ సవరణ ద్వారా చట్టసభలలో మూడవ వంతు స్థానాలు కేటాయించిన తరువాత మరింత సహేతుకమైనది. అయితే ఆర్థిక న్యాయం అనే రెండవ మాటను మాత్రం ఆ తరువాతి తరాలేవీ కాదనలేదు.

ప్రాథమిక హక్కుల ఉపసంఘంలో ఆమెకు స్థానం లభించింది. ఆచార్య కృపలానీ అధ్యక్షుడు. డాక్టర్ అంబేద్కర్, మున్షీ, మినూ మసానీ, రాజకుమారి అమృత్ కౌర్, నెల్లూరు సీమ బిడ్డ అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ప్రభృతులు సభ్యులు. హక్కులన్నిటినీ రెండు వర్గాలుగా విభజించాలని అక్కడ నిర్ణయం జరిగింది. మొదటి వర్గం ప్రాథమిక హక్కులు. వాటికి భంగం కలిగితే పౌరుడు న్యాయస్థానానికి వెళ్ళవచ్చు. రెండవ వర్గం ఆదేశిక సూత్రాలు. ప్రభుత్వం వాటిని పాటించాలి గాని, పాటించకపోతే ఏ కోర్టూ నిలదీయలేదు. వివాహం, వారసత్వం వంటి విషయాలలో పౌరులందరికీ ఒకే స్మృతి వుండాలన్న అంశాన్ని రెండవ వర్గంలోకి నెట్టినప్పుడు హంసా మెహతా, అమృత్ కౌర్, మసానీ తమ అసమ్మతిని లిఖితపూర్వకంగా నమోదు చేశారు.

స్త్రీపురుషులకు సమానమైన పనికి సమాన వేతనం అన్న సూత్రం సైతం ఆ రెండవ వర్గంలోనే పడింది. రాజ్యాంగంలో అది 39వ అధికరణం, డి క్లాజు. లింగభేదం కారణంగా ప్రభుత్వం వివక్ష చూపరాదని 15వ అధికరణం, ప్రభుత్వోద్యోగాలలో సమానావకాశం వుండాలని 16వ అధికరణం కోర్టు తలుపు తట్టగల హక్కులుగా నిలిచాయి. తోటలో, మిల్లులో, పొలంలో స్త్రీ చేతికి వచ్చే కూలి మాత్రం ప్రభుత్వాల సదుద్దేశానికి వదిలివేయబడింది.

ఐక్యరాజ్య సమితిలో

ఢిల్లీలో ఈ పని సాగుతున్న రోజులలోనే హంసా మెహతా ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల సంఘంలో భారత ప్రతినిధిగా నియమితులయ్యారు. 1947 ఆరంభంలో సమావేశమైన ఆ పద్దెనిమిదిమంది సభ్యుల సంఘంలో స్త్రీలు ఇద్దరే. అధ్యక్షురాలు ఎలినార్ రూజ్వెల్టు ఒకరు, హంసా మెహతా రెండవవారు. మనుషులందరూ స్వేచ్ఛగా, సమానులుగా జన్మించారని చెప్పే మొదటి అధికరణం ముసాయిదాలో మనుషులు అన్న చోట పురుషులను సూచించే ఆంగ్ల పదం వున్నది. ఆ పదంలో స్త్రీలు కూడా ఇమిడివున్నారనే అభిప్రాయం ఎలినార్ రూజ్వెల్టుకే వుండేది. హంసా మెహతా అంగీకరించలేదు. స్త్రీలను మినహాయించడానికి ఆ పదాన్నే సాకుగా తీసుకునే దేశాలు వుంటాయని ఆమె వాదన. చివరకు స్త్రీపురుషులిద్దరికీ వర్తించే పదమే ఖాయమైనది. 1948 డిసెంబరు 10న పారిస్‌లో ఆమోదం పొందిన ఆ ప్రకటన 23వ అధికరణంలో ఎట్టి వివక్షా లేకుండా సమానమైన పనికి సమాన వేతనం ప్రతివారి హక్కుగా చోటుచేసుకున్నది.

ఈ పదసవరణ కథ పలువురికి తెలుసు. అంతకంటె ముఖ్యమైనది మరొకటి వున్నది. 1947 డిసెంబరులో జెనీవాలో మానవ హక్కుల సంఘం మూడు బృందాలుగా విడిపోయి పనిచేసింది. హక్కులను అమలుపరచే విధానాన్ని పరిశీలించిన బృందానికి హంసా మెహతా అధ్యక్షత వహించారు. రాజ్యాలు సంతకాలు చేసి మరచిపోయే పత్రంతో ప్రయోజనం లేదని, ఫిర్యాదు స్వీకరించి విచారించే యంత్రాంగం వుండాలని ఆ బృందం ఆలోచన సాగింది. అగ్రరాజ్యాలకు అది రుచించలేదు. ప్రకటన వచ్చింది గాని యంత్రాంగం వెంటనే రాలేదు. ఢిల్లీలో ఆదేశిక సూత్రాల విషయంలో జరిగినదే పారిస్‌లో మరింత పెద్ద స్థాయిలో జరిగింది.

స్వదేశానికి తిరిగివచ్చిన తరువాత 1949లో ఏర్పడిన బరోడా మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయానికి ఆమె మొదటి వైస్ ఛాన్సలర్ అయ్యారు. స్త్రీపురుషులు కలిసి చదివే విశ్వవిద్యాలయానికి ఒక మహిళ వైస్ ఛాన్సలర్ కావడం దేశంలో అదే ప్రథమం. 1958 వరకు ఆ పదవిలో వున్నారు. ఆ విశ్వవిద్యాలయ గ్రంథాలయం నేడు ఆమె పేరుతోనే వున్నది. 1959లో ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చి గౌరవించింది. అదే ఏడాది దుర్గాబాయి దేశముఖ్ అధ్యక్షతన ఏర్పడిన జాతీయ మహిళా విద్యా మండలి, బాలబాలికలకు వేర్వేరు పాఠ్యక్రమాలు అవసరమా అన్న ప్రశ్నను ఆ తరువాత హంసా మెహతా అధ్యక్షతన ఒక కమిటీకి అప్పగించింది. ఆడపిల్లకు వంట, కుట్టు, మగపిల్లవానికి లెక్కలు, విజ్ఞానశాస్త్రం అన్న విభజనను ఆ కమిటీ తిరస్కరించింది. బడిలో దారులు వేరైతే కార్ఖానాలో జీతాలు వేరు కాక తప్పవు. వేతన సమానత్వానికి పునాది బడిలోనే వేయాలన్న దూరదృష్టి ఆ సిఫార్సులో కనిపిస్తుంది.

చట్టం వచ్చిన తరువాత

ఈ లోపల సమాన వేతన సూత్రం ఏమైనది? 1951లో అంతర్జాతీయ కార్మిక సంస్థ సమాన ప్రతిఫలానికి సంబంధించిన నూరవ ఒడంబడికను ఆమోదించింది. భారత ప్రభుత్వం 1958 సెప్టెంబరులో దానిని ధ్రువీకరించింది. కాని చట్టం చేయలేదు. 1948 నాటి కనీస వేతనాల చట్టం కింద అనేక రాష్ట్రాలు జారీచేసిన ఉత్తర్వులలోనే పురుషునికి ఒక రేటు, స్త్రీకి అంతకంటె తక్కువ రేటు వుండేవి. అస్సాం తేయాకు తోటలలో పరిస్థితి ఇదే. రాజ్యాంగం సమానత్వాన్ని ఆదేశిస్తుండగా సర్కారు గెజిట్టు అసమానత్వాన్ని అచ్చువేసింది.

1974 చివర మహిళల స్థితిగతుల పరిశీలక సంఘం తన నివేదిక సమర్పించింది. ఫుల్రేణు గుహ దానికి అధ్యక్షురాలు, వీణా మజుందార్ సభ్య కార్యదర్శి. ఆదేశిక సూత్రంగా వుండిపోయిన సమాన వేతనానికి శాసనరూపం ఇవ్వాలన్నది ఆ సంఘం సిఫార్సులలో ఒకటి. 1975 అంతర్జాతీయ మహిళా సంవత్సరం. అది ఎమర్జెన్సీ సంవత్సరం కూడా. ఆ సెప్టెంబరు 26న రాష్ట్రపతి సమాన వేతన ఆర్డినెన్సు జారీచేశారు. 1976 ఫిబ్రవరిలో అది చట్టమైనది. అప్పుడు కేంద్ర కార్మిక శాఖను నిర్వహిస్తున్నది తెలుగువాడైన కె.వి. రఘునాథరెడ్డి. పౌరహక్కులు స్తంభించివున్న కాలంలో స్త్రీలకు ఒక హక్కు సంక్రమించడం మన పార్లమెంటు చరిత్రలోని వైపరీత్యాలలో ఒకటి. హైదరాబాదు సభకు, ఈ చట్టానికి మధ్య మూడు దశాబ్దాలు గడిచాయి. హంసా మెహతాకు అప్పటికి డెబ్భయి ఎనిమిదేళ్ళు.

చట్టంలో మంచి నిబంధనలు లేకపోలేదు. రెండు రేట్లు వున్నచోట ఎక్కువ రేటునే ఇరువురికీ చెల్లించాలని, సమానం చేసే నెపంతో పురుషుని వేతనం తగ్గించరాదని అందులో వున్నది. కాని పదహారవ సెక్షను తేడాలకు లింగభేదం కారణం కాదని ప్రకటించే అధికారాన్ని ప్రభుత్వానికే ఇచ్చింది. 1979లో ప్రభుత్వం ఎయిరిండియా విషయంలో అట్లాంటి ప్రకటనే చేసింది. 1981లో సుప్రీంకోర్టు ఎయిర్ హోస్టెసుల వ్యాజ్యంలో, మొదటి గర్భంతోనే ఉద్యోగం పోయే నియమాన్ని కొట్టివేసింది. అదే తీర్పులో హోస్టెసులు, విమానంలో పనిచేసే పురుష సిబ్బంది వేర్వేరు శ్రేణులకు చెందినవారు గనుక జీతభత్యాల తేడా వివక్ష కాదని కూడా చెప్పింది. పని పేరు మారితే సమానత్వం వర్తించదన్న వాదనకు అత్యున్నత న్యాయస్థానంలోనే స్థానం లభించింది.

మరుసటి సంవత్సరం, 1982లో, తెలుగువాడైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి రాసిన తీర్పు ఆదేశిక సూత్రానికి మొదటిసారిగా నిజమైన బలాన్నిచ్చింది. 14, 16 అధికరణాలను 39డి వెలుగులో చదివితే సమాన వేతనం అమలుపరచదగిన రాజ్యాంగ లక్ష్యమే అవుతుందని ఆయన నిర్ణయించారు. అయితే ఆ కేసులో న్యాయం కోరినవాడు ఢిల్లీ పోలీసు శాఖలో పనిచేసే పురుష డ్రైవరు. తోటి డ్రైవర్లతో సమానంగా జీతం కావాలన్నది అతని కోరిక. స్త్రీల కోసం రాసిన వాక్యం ముందుగా పురుషునికి అక్కరకు వచ్చింది. తరువాతి సంవత్సరాలలో పురుషోద్యోగులు అనేకులు దానిని ఆశ్రయించారు.

స్త్రీ కోసం ఆ తలుపు 1987 మార్చిలో తెరచుకున్నది. మెకినాన్ మెకెంజీ అనే నౌకా వ్యాపార సంస్థలో పనిచేసిన ఒక మహిళా స్టెనోగ్రాఫరు పురుష స్టెనోగ్రాఫర్లతో సమాన వేతనం కోరారు. సంఘంతో కుదిరిన ఒప్పందం ప్రకారమే జీతాలు ఇచ్చామని, ఎక్కువ ఇచ్చే స్తోమత లేదని సంస్థ వాదించింది. రెండు వాదనలనూ సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. కార్మిక సంఘం సైతం స్త్రీల వేతనాన్ని తక్కువగా ఒప్పుకుని సంతకం చేసిన సంగతి ఈ కేసు బయటపెట్టింది. యజమాని ఒక్కడే ప్రతివాది అనుకునేవారు దీనిని విస్మరించరాదు.

1995 ఏప్రిల్ 4న హంసా మెహతా తొంభై ఏడవ ఏట కన్నుమూశారు. ఆమె కోరిన మాట రాజ్యాంగంలో చేరడం, ప్రపంచ ప్రకటనలో చేరడం, చట్టం కావడం, తీర్పు కావడం అన్నీ ఆమె కళ్ళముందే జరిగాయి. పూర్తిగా అమలు కావడం మాత్రం జరగలేదు.

తెలుగునాట పొలాలను చూసినవారికి దీనికి వేరే సాక్ష్యం అక్కరలేదు. నాట్లు, కలుపు ఆడకూలీల పని. దుక్కి, మోత మగకూలీల పని. రెంటి రేట్లూ తరతరాలుగా వేరు. బురదలో రోజంతా నడుము వంచడం తేలిక పని అని తేల్చిన న్యాయమూర్తి ఎవరో ఎవరికీ తెలియదు. అదే గ్రామీణ స్త్రీకి 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన ఉపాధి హామీ పథకం మరొక అనుభవాన్నిచ్చింది. స్త్రీపురుష భేదం చూపరాదని ఆ చట్టం షెడ్యూలులోనే వుండేది. ఒకే రేటు, తవ్విన మట్టికి కొలత, హాజరుకు మస్టరు, లెక్క చూసుకునే వీలు వున్నచోట సమాన కూలి ఆదర్శంగా మిగలక ఆచరణలోకి వచ్చింది. జెనీవాలో హంసా మెహతా బృందం కోరిన అమలు యంత్రాంగానికి పల్లెటూరి రూపం అదే.

కొత్త వేతనాల స్మృతికి ఇదే గీటురాయి. మూడవ సెక్షను వున్నది. ఒకే తరహా పని అంటే ఏమిటో తేల్చేది ఎవరు, ఎంతకాలంలో, కూలి పోతుందన్న భయం లేకుండా స్త్రీ వెళ్ళి అడగగలిగే అధికారి ఎక్కడ కూర్చుంటాడు అన్నవి సభ్యులు పార్లమెంటులో మంత్రిని అడగవలసిన ప్రశ్నలు. జిల్లాల వారీగా ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, ఎన్నింటిలో బకాయి చెల్లించారో ఏటేటా సభ ముందు వుంచమని కోరడానికి ఏ చట్టసవరణా అవసరం లేదు. ఒక సభ్యుడు ప్రశ్నోత్తరాల సమయంలో లేచి నిలబడితే చాలును.